వంకర గల్లీలో మా ఇల్లు

ఇల్లు చూడ్డానికి పోతే ఆడవాళ్లు ముందు వంటిల్లు చూస్తారు, మగవాళ్లు బండి పెట్టుకునే జాగా చూస్తారు. నేను వీధి చూస్తాను. గేటు దగ్గర నిలబడి ఈ కొస నుంచి ఆ కొసకు చూపు సాగదీసి, తిన్నగా ఉందా లేదా అని చూసుకున్నాకే లోపల అడుగుపెడతాను. ఈమధ్య మడికొండ దాటాక కట్టిన కొత్త ఇళ్లలో ఒకటి చూడబోయినప్పుడు కూడా అంతే చేశాను. మా ఆయనకు విసుగొచ్చింది. "నువ్వు ఇల్లు కొంటున్నవా, రోడ్డు కొంటున్నవా?" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. చెబితే నవ్వుతాడని భయం.

ఆ ఇంట్లోకి మారడం ఒక్క పూటలో అయిపోయింది. లారీ వచ్చింది, అట్టపెట్టెలు వచ్చాయి, టేపు చుట్టేవాళ్లు వచ్చారు. నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి కదలొద్దన్నారు. మధ్యాహ్నానికి కొత్తింట్లో ఫ్రిజ్‌లో నీళ్లు చల్లబడ్డాయి కూడా. ఒక్క మనిషి మొహంలో దిగులు లేదు, ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇల్లు మారడమంటే ఇంతేనా అని నాకు మనసు చివుక్కుమంది. సాయంత్రం అట్టపెట్టెల మధ్య కూర్చుని చాయ్ తాగుతుంటే మా అమ్మ కళ్ల ముందు కదిలింది. అప్పటినుంచి అదే ధ్యాస.

మాది నేతపని చేసే ఇల్లు. వరంగల్‌లో మా వాడంతా మగ్గాలే. పొద్దున లేస్తే గంజి వాసన, రంగు ఉడికే వాసన, జొన్న గట్క వాసన కలిసి వచ్చేవి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి కదలకుండా నేస్తాడని అందరికీ తెలుసు. కానీ మగ్గం ఎక్కకముందు వీధిలో జరిగే పని ఒకటుంది, దాని గురించి బయటివాళ్లకు తెలియదు. బట్టలో నిలువునా పోయే దారాలను పడుగు అంటారు. ఆ దారాలు పచ్చిగా ఉంటే మగ్గం దెబ్బలకు నిలవవు, తెగిపోతాయి. అందుకని పడుగును వీధి పొడవునా సాగదీసి కట్టి, దానికి గంజి పట్టించి, పెద్ద కుంచెతో తోమి ఆరబెట్టాలి. ఎండ ఎక్కకముందే అయిపోవాలి. మధ్యలో ఆగితే గంజి ఎండి దారాలన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. అంతే, ఆ పడుగు పని అయిపోయినట్టే.

ఆ కుంచెను ఒక్కరు పట్టలేరు. పడుగుకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు నిలబడి, ఒకే నడకతో వీధి కొసదాకా లాక్కుంటూ పోవాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే దారాలు తెగుతాయి. మా ఇంట్లో ఆ పని మా బాపుది, వాళ్ల అన్నది, అంటే మా పెద్దబాపుది. చిన్నప్పటినుంచీ వాళ్లిద్దరే. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే నడక కలిసేది. వాడలో వాళ్లు చేతిపని ఆపి చూసేవాళ్లు. మేం పిల్లలం పడుగు కింద నుంచి పాకుతూ, నెత్తి తగిలించి తిట్లు తింటూ ఉండేవాళ్లం. మా తమ్ముడు గంజిలో బెల్లం ముక్క అద్దుకుని నాకేవాడు. ఛీ అంటే, నువ్వు కూడా తినిచూడు అనేవాడు. నేనూ తిన్నాను. బాగానే ఉండేది.

రెండు మగ్గాలకు ఒకటే పొయ్యి. ఆ పొయ్యి మా పెద్దమ్మది. పెద్దమ్మ చెడ్డ మనిషని నేను చెప్పను. ఆమె చెయ్యి పెద్దది, నోరు కూడా పెద్దది. కానీ ఇంట్లో ఏ పూట ఏం వండాలో, ఎవరికెంత పెట్టాలో ఆమే చెప్పాలి. మా అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టేది, పిలిచినప్పుడు లేచి పచ్చిమిరపకాయలు నూరేది, మళ్లీ వచ్చి కూర్చునేది. ఒకసారి నాకు జ్వరం వచ్చి తగ్గాక నోరు చేదై సర్వపిండి కావాలని ఏడ్చాను. పెద్దమ్మ పడుకుని ఉంది. అమ్మ పిండి డబ్బా దగ్గరకు పోయి నిలబడింది, మూత మీద చెయ్యి వేసింది, మళ్లీ తీసేసింది. "జర సేపు ఆగు బిడ్డా, మీ పెద్దమ్మ లేవనీ" అంది. నేను ఏడుస్తూనే నిద్రపోయాను.

ఆ రాత్రే కాబోలు, నా పక్కలో పడుకుని చెవిలో చెప్పింది. "సమ్మక్క తల్లికి మొక్కుకున్న. మనకంటూ ఒక పొయ్యి అయితే మీ తమ్ముని ఎత్తు బెల్లం తూకమిస్త. ఎవలకు చెప్పకు." నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కావలసింది అదొక్కటే. బంగారం అడగలేదు, చీరలు అడగలేదు. తన చేత్తో ఎసరు పెట్టి, ఎవరినీ అడగకుండా పిల్లలకింత వండి పెట్టుకునే జాగా కావాలి.

ఆ కోరిక తీరింది. కానీ ఏ మనిషీ కోరుకోని దారిలో తీరింది.

పెద్దబాపు పనిలో రాక్షసుడు. బాపు అట్లా కాదు, కాస్త సరదా మనిషి. పక్కింటి రేడియోలో పాట వస్తే ఆయన కాళ్లు పాటతో పాటే ఆడేవి. ఒక రోజు అట్లాగే నేస్తూ అంచులో దారం తెగిన సంగతి చూసుకోలేదు. జానెడు మేర అంచు పాడైంది. పెద్దబాపు వచ్చి చూశాడు. అరుగు మీద వాడ వాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. తిడతాడేమో అనుకున్నాం. తిట్టలేదు. దారాలు కోసే కత్తి తీసుకుని మగ్గం మీద ఉన్న చీరను అడ్డంగా కోసేశాడు.

మగ్గం మీద బట్ట కొయ్యడమంటే మా వాళ్లలో నలుగురిలో చెప్పుతో కొట్టినట్టు. బాపు గుంతలోంచి లేచాడు, బయటికి పోయి కాళ్లు కడుక్కున్నాడు, ఆ పూట అన్నం తినలేదు. మా నాయనమ్మ కంచం పట్టుకుని వెనకే తిరిగింది. "అన్న గద కొడుకా, చిన్నప్పుడు నిన్ను సంకనేసుకోని తిరిగిండు గద" అంది. బాపు ఒకే మాట అన్నాడు. "నేను ఇల్లు చూసుకుంటనే అవ్వా."

అయినా వెంటనే పోవడానికి వీల్లేదు. మగ్గం మీద పడుగు ఉండగా ఇల్లు కదలకూడదని మా వాళ్ల పట్టింపు. తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే ముడేసుకుని, ఆ పడుగు అయిపోయేదాకా బాపు అన్న పక్కనే కూర్చుని నేశాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో రెండు మగ్గాలు. రెండూ టకటకమంటూనే ఉండేవి, మనుషులు మాత్రం మాట్లాడేవాళ్లు కాదు. చాయ్ వస్తే ఒకరు తాగాక ఇంకొకరు తాగేవాళ్లు. ఇంట్లో మాకు గట్టిగా తుమ్మాలన్నా భయమయ్యేది. పెద్దమ్మ కూడా గొంతు తగ్గించింది. అమ్మ మాత్రం పనులన్నీ తొందరతొందరగా చేసేది. మొహంలో సంతోషం కనపడకూడదని తల వంచుకునే తిరిగేది. నాకు తెలుస్తూనే ఉండేది.

సాయంత్రాలు బాపు నన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని ఇళ్లు చూడబోయేవాడు. అన్నకు కనపడనంత దూరం కావాలని హనుమకొండ వైపు వెతికాడు. ఎన్ని ఇళ్లు తిరిగామో. చేతులు చాపి గది కొలిచేవాడు, మగ్గం పట్టాలి కదా. మడమతో నేల తన్ని చూసేవాడు, గుంత తవ్వాలి కదా. గోడకు చెంప ఆనించి చెమ్మ ఉందేమో చూసేవాడు. కిటికీలోంచి వెలుతురు ఏ వైపు పడుతుందో చూసేవాడు. చివరికి ఒక గల్లీలో మట్టి గోడల ఇల్లు నచ్చింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ అంతా విని, "పొయ్యి ఏడ పెట్టుకోవచ్చు?" అని అడిగింది. బాపుకు గుర్తులేదు. నేను చెప్పాను, వెనక వైపు చిన్న సావిడి ఉందని. నన్ను దగ్గరకు తీసుకుంది.

ఇక సర్దడం మొదలైంది. పాత చీరలు పరిచి మూటలు కట్టింది అమ్మ. గిన్నెలు తోమి, మాదేది వాళ్లదేది అని పెద్దమ్మతో కలిసి విడదీసింది. ఇద్దరూ నేల చూస్తూనే విడదీశారు. ఒక ఇత్తడి గుండిగ దగ్గర మాత్రం పెద్దమ్మ చెయ్యి ఆగింది. "నువ్వు తీస్కపోవే చెల్లె, పిల్లలున్నోళ్లు" అంది. పెద్దమ్మకు పిల్లలు లేరు. ఆమె మమ్మల్ని కూడా పోగొట్టుకుంటోందని అప్పుడు నాకు తట్టలేదు. మగ్గం విప్పి కట్టెలన్నీ గోనెసంచుల్లో చుట్టారు. రాట్నాన్ని పసిపిల్లలా గుడ్డలో చుట్టింది అమ్మ. కుంచె దగ్గర బాపు ఆగిపోయాడు. అది తాత నాటిది, ఇంటికి ఒకటే. "అది ఆయనకే ఉండనీ" అని గోడకే ఉంచేశాడు.

నాయనమ్మ పెద్దబాపు దగ్గరే ఉండిపోయింది. "నేను ఈ గడపల్నే ఉంట. యాదికొస్తే వస్త, తినిపోత" అంది. ఎడ్లబండి కదిలేటప్పుడు ఆమె మెటికలు విరిచి మా తలల మీద చేతులు పెట్టింది. పెద్దబాపు బయటికి రాలేదు. లోపల నేస్తూనే ఉన్నాడు. బండి మూలమలుపు తిరిగేదాకా ఆయన మగ్గం చప్పుడు వినిపించింది. ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని అమ్మ, ఎడ్ల తోకలు పట్టబోయి దెబ్బలు తిన్న తమ్ముడు, బండి వెనక సైకిల్ నడిపించుకుంటూ బాపు. అట్లా పోయాం.

కొత్తింట్లో అమ్మ చేసిన మొదటి పని పొయ్యి వెయ్యడం. గుట్ట దగ్గర్నుంచి ఎర్రమట్టి తెచ్చి, గడ్డి కలిపి తొక్కి, తన చేతులతో కట్టుకుంది. అలికి, ఆరబెట్టి, పసుపు కుంకుమ పెట్టి పాలు పొంగించింది. ఆ రాత్రి పప్పుచారు, వంకాయ కూర వండింది. కూరలో ఉప్పెక్కువైంది. చేతికి కొలత తెలియదు మరి, ఎన్నడైనా వేస్తేగా. బాపు నీళ్లు తాగుతూ తిన్నాడు. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్కసారి నవ్వేసింది. "ఎక్కువైతే అయింది, నేనేసిన ఉప్పే గద" అంది. అమ్మ అట్లా నవ్వగలదని నేనప్పటిదాకా అనుకోలేదు.

బాపు గుంత తవ్వాడు, మగ్గం బిగించాడు, కొత్త పడుగు సిద్ధం చేశాడు. ఒక రోజు తెల్లవారకముందే లేచి మోకులు, గూటాలు పట్టుకుని గల్లీలోకి పోయాడు. ఎంతకీ రాడు. అమ్మ గంజి కాచి పెట్టింది. నేను బయటికొచ్చి చూస్తే ఆయన గల్లీ మధ్యలో గూటం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఇంటికి ఒక ఇల్లవతల గల్లీ ఇటు తిరిగింది. రెండో వైపు నాలుగిళ్లు పోయి అటు తిరిగింది. పడుగు సాగదీయడానికి తిన్నగా జాగా లేదు.

గది కొలిచాడు, నేల తన్ని చూశాడు, గోడకు చెంప ఆనించాడు. వీధి మాత్రం చూడలేదు. ఎందుకు చూస్తాడు? పుట్టినప్పటినుంచీ వీధి ఇంటి ముందు తిన్నగా పడి ఉంది. దాన్ని వెతుక్కోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. గడప మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "నా అసుంటి పిచ్చోడు వాడలనే లేడే" అన్నాడు. అమ్మ చేతిలో గంజి గిన్నె అట్లాగే ఉంది. ఆ రోజు గంజి మేమే తాగాం.

గుట్ట కింద ఖాళీ జాగాలో కట్టి చూశాడు. గాలికి దారాలు కొట్టుకున్నాయి, మేకలు వచ్చి గంజి నాకాయి. కుంచె అరువు తెచ్చాడు, రెండో పక్క పట్టడానికి తెలిసిన ఒకాయన్ని పిలిచాడు. ఆయన మంచివాడే, కానీ నడక కలవలేదు. ఈయన ఆగితే ఆయన పోతాడు. సగం పడుగు చీపురులా అంటుకుపోయింది. దాన్ని ఇంటికి తెచ్చి మూల పడేసి బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొన్నాళ్లకు కాలేజీలో కావలి కొలువు ఉందని ఎవరో చెప్పారు. బాపు పోయి మాట్లాడి వచ్చాడు. "ఖాకీ బట్టలిస్తరట, గేటు కాడ కూసునుడే పని" అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. గోడకు చెప్పినట్టు చెప్పాడు. "కొలువన్న చెయ్యాలె, లేకుంటే అన్న కాళ్ల మీద పడి మల్ల ఆ ఇంటికన్న పోవాలె. ఇగ మూడో తొవ్వ లేదు."

అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆ మాట విని పొయ్యి అంచు చేత్తో తడుముతూ ఉండిపోయింది. బాపు నేతగాడు కాకుండా పోతే ఆమె భరించలేదు. పొయ్యి పోతే అంతకంటే భరించలేదు. నాకు ఆమెను చూస్తే ఏడుపొచ్చింది.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే నన్ను తట్టి లేపింది. ఇంట్లో గంజి పెట్టకుండా మిగిలి ఉన్న రెండో పడుగును చుట్టి మూటగట్టి నెత్తికెత్తుకుంది. "సప్పుడు చెయ్యకుండ రా" అంది. బాపు నిద్రలో ఉన్నాడు. హనుమకొండ నుంచి వరంగల్ దాకా నడిచాం. దారిలో ఒకచోట అమ్మ ఆగి మూట సర్దుకుంటుంటే ఎక్కడికని అడిగాను. "మన ఇల్లు నిలుపుకోనీకి" అంది. అంతకంటే చెప్పలేదు.

పెద్దమ్మ వాకిలి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు అట్లాగే పట్టుకుని నిలబడింది. "ఏం చెల్లె, గింత పొద్దుగాల? పిల్లలు మంచిగున్నరా?"

"మంచిగున్నరక్కా. పడుగు సాపుకోనీకి మాకాడ జాగ లేదు. గల్లీ వంకర. ఈడ సాపుకొని పోత."

పెద్దమ్మ లోపలికి చూసింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆమె ఎవరినీ అడగలేదు. చీపురు పక్కన పడేసి, పొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి గంజికి నీళ్లు పోసింది. ఆ పొద్దున మాత్రం పెద్దమ్మ చెయ్యి పెద్దదైనందుకు నేను సంతోషపడ్డాను. వాడ వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు. గూటాలు పాతారు, మోకులు బిగించారు, పడుగు మా పాతింటి ముందు నుంచి వీధి కొసదాకా పరుచుకుంది.

అప్పుడొచ్చాడు బాపు, తమ్ముణ్ని ముందు కూర్చోబెట్టుకుని, సైకిల్ మీద దూసుకుంటూ. దిగీ దిగకముందే అమ్మ మీద అరిచాడు. "ఎవల్నడిగి వచ్చినవే ఈడికి? నా ఇజ్జత్ తీస్తానవా?"

అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నలుగురిలో ఆయనకు ఎదురు మాట్లాడింది జన్మలో అదొక్కసారే. "నీ మగ్గం నిలవడాలె, నా ఇల్లు నిలవడాలె. రెండిటికి గిదొక్కటే తొవ్వ. నువ్వు నన్ను తిడ్తవో కొడ్తవో, పడుగు ఆరినంక."

అదే సమయానికి పెద్దబాపు లోపలి నుంచి వచ్చాడు. కుంచె తెచ్చాడు. ఎవరివైపూ చూడకుండా పడుగుకు అటు పక్క నిలబడి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస పడుగు మీద ఉంది. ఎవరూ పట్టుకోలేదు. వాడలో ఇంతమంది మగవాళ్లు ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. గంజి చల్లేశారు. ఎండ గోడల మీదికి వస్తోంది. నాయనమ్మ అరుగు మీద నుంచి, "గంజి ఆరుతాంది కొడుకా" అంది. ఏ కొడుకుతో అందో చెప్పలేదు.

బాపు చెప్పులు విడిచి వచ్చి కుంచె పట్టుకున్నాడు.

ఇద్దరూ కదిలారు. కొసదాకా పోయి, తిరిగి వచ్చారు. ఒక్క దారం తెగలేదు. నాలుగోసారో ఐదోసారో పోతుండగా పెద్దబాపు అన్నాడు. "నీ దిక్కు పలుసగైంది. జర ఒత్తి పట్టు." బాపు, "ఆఁ" అన్నాడు. అంతే. ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది అంతే. కానీ పెద్దమ్మ లోపలికి పోయి చెంగుతో మొహం తుడుచుకుని వచ్చింది, మా కోసం గట్క పెట్టి పచ్చిపులుసు పోసింది. బాపు అరుగు మీద తిన్నాడు. గడప లోపలికి పోలేదు, ఎవరూ రమ్మనలేదు.

అప్పటినుంచి ప్రతి పడుగుకూ అదే పద్ధతి. బాపు సైకిల్ మీద మూట కట్టుకుని పాత వాడకు పోయేవాడు. అన్నదమ్ములు కుంచె చేతిలో ఉన్నంతసేపూ మాట్లాడుకునేవాళ్లు, అదీ దారం మాటే. కుంచె గోడకెక్కితే మాటలు కూడా అయిపోయేవి. కాలేజీ కొలువు మాట మళ్లీ రాలేదు.

అమ్మ ఇల్లు నిలబడింది. ఆ ఇంటి పై కప్పు మీదికి సొరపాదు పాకించింది. సావిడి గోడకు మేకు కొట్టి తన అద్దం తగిలించుకుంది. మాకు ఆకలేసిన పూట వండింది, లేని పూట కూడా వండింది. సర్వపిండి ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు, చివరికి మేమే వద్దన్నాం. జాతర వచ్చినప్పుడు మేడారం పోయి మొక్కు తీర్చుకున్నాం. తక్కెడలో ఒక పక్క తమ్ముణ్ని కూర్చోబెడితే, వాడు అటు పక్కన ఉన్న బెల్లం ముక్క ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. అమ్మ లెంపలు వేసుకుంటూ, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఏడు అమ్మ ఒళ్లు కూడా చేసింది. ఆమెను అంత అందంగా నేను మళ్లీ చూడలేదు.

ఒక రోజు పాత వాడ నుంచి ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. పెద్దబాపు మగ్గం మీదే ఒరిగిపోయాడని, దవాఖానకు తీసుకుపోయారని చెప్పాడు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. నోట్లోంచి మాట ముద్దగా వచ్చేది. ఆయన మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. మగ్గం మీది బట్టను ఆ ఇంటి మనిషే దింపాలి, బయటివాళ్ల చేత దింపించరు. పెద్దబాపుకు కొడుకులు లేరు.

బాపు పోయి అన్న గుంతలో కూర్చున్నాడు. ఆ చీర దింపాడు. పడుగు ఇంకా ఉంది, ఇంకో చీర ఎక్కించాడు. రోజూ పొద్దున్నే పోవడం, చీకటి పడ్డాక రావడం. అక్కడ అన్నను ఎత్తి కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం కూడా ఆయనే. పెద్దమ్మ ఒక్కతే ఎత్తలేదు, నాయనమ్మకు చూపు ఆనడం లేదు. పడుగు లేని మా మగ్గం మీద దుమ్ము పడింది. ఇంటికొచ్చి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని బాపు అట్లాగే కునికేవాడు. చిక్కి సగమయ్యాడు. ఒక్క రోజు కూడా, పోదామా అని అమ్మను అడగలేదు. అడిగితే కాదనే అవకాశం అమ్మకుండేది. ఆయన అడగకపోవడమే ఆమెకు ఎక్కువ కష్టమైంది.

ఒక పొద్దున బాపు సైకిల్ బయటికి తీస్తుంటే అమ్మ అద్దం మేకు నుంచి తీసి చీరలో చుడుతోంది.

"ఏం చేస్తానవే?" అన్నాడు.

"సామాను కడుతాన."

"ఎందుకు?"

"ఎన్ని దినాలు తిరుగుతవయ్యా? బావ కింద పడితే రాత్రి ఎవలు లేపుతాన్రు? అక్క ఒక్కతి ఏం చేస్తది? పా, పోదాం."

బాపు సైకిల్ గోడకు ఆనించి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ ఏడవలేదు. ఒక్కొక్క సామానూ తీసి కడుతూనే ఉంది. ఈసారి ముహూర్తం చూడలేదు. బండి వచ్చేలోపు అన్నీ సిద్ధం. సొరపాదుకు అప్పుడే పిందెలు పడ్డాయి. పక్కింటామెను పిలిచి, "నీళ్లు పోస్తుండు వదినె, కాయలు నువ్వే కోసుకో" అని చెప్పింది. బండిలో ఇంటికి వీపు పెట్టి కూర్చుంది.

పాత వాడంతా మా కోసం ఎదురొచ్చింది. సామాను తలా ఒకటి అందుకున్నారు. పెద్దబాపు అరుగు మీద మంచంలో ఉన్నాడు. బాపును చూసి ఎడమ చెయ్యి ఎత్తాడు, ఏదో అన్నాడు, ఎవరికీ అర్థం కాలేదు. బాపుకు అర్థమైంది కాబోలు. ఆ చెయ్యి పట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. వాడలో ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తమ్ముడంటే ఇట్లా ఉండాలన్నారు. ఆ మాట ఏళ్ల తరబడి మా వాడలో చెప్పుకున్నారు, పెళ్లిళ్లలో, చావుల్లో, అన్నదమ్ములు కొట్లాడుకున్న ప్రతి ఇంట్లో. తన బట్ట కోసిన అన్న దగ్గరకే తిరిగొచ్చాడని. నేను విన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ఆయన ఒక్కడే వచ్చినట్టు చెబుతారేమిటి?

అమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్మ కూడా ఎత్తుకోలేదు. ఆ ఇంటి గురించి ఆమె నోట మళ్లీ ఒక్క మాట రాలేదు. పెద్దబాపు పోయేదాకా, తర్వాత నాయనమ్మ, ఆ తర్వాత పెద్దమ్మ పోయేదాకా వాళ్లందరికీ వండి పెట్టింది.

నాకు పెళ్లయి వేరు కాపురం పెట్టుకున్నప్పుడు అమ్మ వచ్చింది. రెండు గదుల అద్దె ఇల్లు. స్టవ్ ఎక్కడ పెట్టాలని నేను ఆమెను అడిగాను. "నన్నడుగకు. ఎవల్నడుగకు. నీకు ఏడ మంచిగనిపిస్తే ఆడ పెట్టుకో" అంది, కాస్త గట్టిగానే. అప్పుడు ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, ఆ ఇల్లు విడిచి వచ్చిన్నాడు నీకు ఏడుపు రాలేదా?"

బియ్యం చెరుగుతున్న చాట ఆపింది. నావైపు చూసింది.

"రాకుంట ఉంటదా బిడ్డా? వచ్చినంక మీ పెద్దమ్మ పొయ్యి ముంగట కూసోని కడుపునిండ ఏడ్చిన. పచ్చి కట్టెలు, ఇల్లంత పొగ. అందరి కండ్లల్ల నీళ్లే. నాయి ఎవలకెర్క?"

మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. ఆ రోజు పొయ్యి దగ్గర ఆమె పక్కనే నేనూ కూర్చుని ఉన్నాను, ఆకలేస్తోందని గిన్నె పట్టుకుని. ఆమె మొహం చూశాను కూడా. నేనూ పొగే అనుకున్నాను.